వంటింటి బండల మీద లేని నీళ్లు

మా వంటింటి బండల మీద నీళ్లు ఊరుతున్నాయని నేను పంచాయతీకి అర్జీ ఇచ్చిన మాట నిజం. ఇచ్చినందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. గోడకు అవతలి పక్క ఒక కొళాయి ఉంది. దాని సొంతదారు నాకు వరసకు బావమరిది. మా పెద్దమ్మాయి పెళ్లిలో పదిమంది ముందు పప్పులో ఉప్పు లేదన్న మనిషి. ఉప్పు ఉంది. వడ్డనకు ముందు నేనే రుచి చూశాను. అతని కొళాయి కారుతోందనీ, ఆ చెమ్మ గోడ కింది నుంచి మా వంటింట్లోకి వస్తోందనీ నా వాదన.

పొద్దున లేచి వంటింటి గడప దాటితే చాలు, అరికాళ్లకు చల్లని తడి తగిలేది. అప్పుడే ఎవరో చెంబెడు నీళ్లు ఒంపి పోయినట్టు. నా భార్యను పిలిస్తే ఆమె వంగి బండను తడిమేది.

"ఏడుందయ్యా తడి? చూడు, నా చెయ్యి పొడిగానే ఉంది."

"చేత్తో ఏం తెలుస్తుంది? కాలు పెట్టి చూడు."

"కాలు పెట్టే నిలబడినా కదా."

"అయితే నీ కాలు చెప్పేది నిజమా, నా కాలు చెప్పేది నిజమా?"

దానికి ఆమె కొంగుతో బండ తుడిచి, ఆ కొంగు నా కళ్ల ముందు ఆడించి, పొయ్యి దగ్గరికి పోయేది.

అర్జీ మీద విచారణకు పంచాయతీ సెక్రటరీ వచ్చాడు. చిన్నవాడు. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చాడు, అది మొదటి తప్పు. ఒక పేపరు ముక్క బండ మీద పరిచి, పైన అరచేత్తో నొక్కి, తీసి వెలుతురుకు పట్టి చూశాడు. "పెద్దాయనా, ఈ బండల మీద అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు" అన్నాడు. గోడ అవతల నుంచి మా బావమరిది నవ్వు వినిపించింది. నేను ఆ అప్పడాల మాట మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

నా కాలి మాటను కాదనడం అంటే ఏమిటో చెప్పాలంటే మా నేల గురించి చెప్పాలి. కొమరోలు పక్క పల్లె మాది. వాన మీద బతికే మెట్ట. బోర్లు వేసినవాళ్లున్నారు. కొన్నేళ్లు నీళ్లు పోసి, తర్వాత గాలి పోసే బోర్లు అవి. కంది, సజ్జ, ఆముదం వేసేవాడికి పదునే దిక్కు. పదును అంటే, వాన పడ్డాక నేల విత్తనం మొలిచేంత తడిగానూ, విత్తే గొర్రుకు అంటుకోనంత పొడిగానూ ఉండే ఆ కాస్త సమయం. ముందు విత్తితే విత్తనం కుళ్లుతుంది, ఆలస్యమైతే మాడుతుంది. తడి చాలక ముందే విత్తితే సగం మొలిచి చస్తుంది, అది మరీ పాపం.

పదును చూడడం నాకు నాయన నేర్పాడు. చేలోకి చెప్పులతో దిగితే ఒప్పుకునేవాడు కాదు. చెప్పులు గట్టు మీద విడిచి, దుక్కిలో మడమ దించి కాసేపు నిలబడమనేవాడు. చల్లదనం మడమకు ఎప్పుడు తగులుతుంది, వేళ్ల సందుల్లోకి వచ్చిన మట్టి నిలుస్తుందా రాలుతుందా, అదంతా కాలితోనే తెలుసుకోవాలి. "కన్ను పైపైన చూస్తాదిరా. కాలు లోపల చూస్తాది" అనేవాడు. నాయన పోయాక ఆ పని నాకు వచ్చింది. వాన వెలిసిన పొద్దున మా చుట్టుపక్కల చేలవాళ్లు గట్టు మీద నిలబడి నా మొహం చూసేవాళ్లు. నేను "కట్టండి గొర్రు" అంటే కట్టేవాళ్లు. పప్పులో ఉప్పు లేదన్న మా బావమరిది కూడా అక్కడే నిలబడి, నా మాట కోసం కాచుకునేవాడు. జీవితంలో నాకు ఎవరూ ఇవ్వని మర్యాద ఆ కాసేపట్లో దొరికేది.

ఆ ఏడు మృగశిర కార్తెలో సాయంత్రం పూట ఒక వాన పడింది. తెల్లారి చేలోకి పోయాను. పైన నేల నల్లగా, ముద్దుగా ఉంది. మడమ దించాను. లోతుదాకా చల్లదనం తగిలింది. అంత మంచి పదును చాలా ఏళ్లకు చూశాననిపించింది.

"కట్టండి గొర్రు" అన్నాను.

మా బావమరిది ట్రాక్టరు స్టార్ట్ చేశాడు. నా భార్య విత్తనాల మూట దించి, ఎందుకో వంగి నేలను గీకింది. గుప్పిట నిండా మట్టి తీసి పైకి ఎత్తింది. వేళ్ల మధ్య నుంచి అది పిండిలా జారిపోయింది.

"ఆగండి. కింద దుమ్ము ఉంది. పైతడుపే ఇది" అంది. మెల్లగానే అంది. కానీ అందరికీ వినిపించింది.

మా బావమరిది ట్రాక్టరు మీద నుంచే వంగి చూశాడు. చూసి ఇంజను ఆపాడు. "బావా, నీ కాలికి ఇంకా మా కొళాయి నీళ్లే తగులుతున్నట్టుందే" అన్నాడు.

గట్టు మీద నవ్వులు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు వాళ్లను చూసి నవ్వారో నాకు తెలుసు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. నేను మటుకు అక్కడే నిలబడ్డాను. నా కాలికింద నేల తడిగానే ఉంది. ఇప్పుడే తోడి పోసినట్టు తడి. ఇంటిమనిషీ, పొరుగువాడూ, పంచాయతీ మనిషీ అందరూ కలిసి నా మీద జట్టు కట్టారని ఆ పూట నేను నిజంగా నమ్మాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నా కాళ్లు బాగున్నాయని డాక్టరు చేత రాయించుకురావాలి. ఆ కాగితం గట్టు మీద నిలబడి అందరికీ చదివి వినిపించాలి. షుగరు నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఊళ్లో ఇచ్చే బిళ్లలు వేసుకుంటూనే ఉన్నాను, గుర్తున్నప్పుడు. కానీ షుగరు రక్తంలో ఉండే జబ్బు, దానికీ కాళ్లకూ ఏం సంబంధం అనుకునేవాణ్ని.

మార్కాపురం పోయాం, నేనూ నా భార్యా. ఆస్పత్రిలో చీటీలు పిలిచేవాడు మా వెనక వచ్చినవాళ్లను ముందు లోపలికి పంపాడు. అడిగితే "మీది కాళ్ల కేసు, టైం పడుతుంది" అన్నాడు. టైం పట్టేవాణ్ని ముందు పంపాలా, వెనక పంపాలా? అది అతనికి చెప్పాను. అతను విననట్టు ఇంకో చీటీ పిలిచాడు.

డాక్టరమ్మ మా చిన్నమ్మాయి వయసుది. నా సంగతంతా విన్నది. కొళాయి, అర్జీ, అప్పడాలు, ట్రాక్టరు, దేనికీ అడ్డం రాలేదు. తర్వాత నన్ను బల్ల మీద పడుకోబెట్టి అరికాళ్లు చూసింది. చూసి, చిన్న పటకారుతో ఏదో లాగింది. నా కళ్ల ముందు పెట్టింది. తుమ్మముల్లు. చుట్టూ చీము పట్టి ఉంది.

"ఇది ఎప్పుడు గుచ్చుకుంది పెద్దాయనా?"

నాకు తెలియదు. ముల్లు ఉందని కూడా తెలియదు. లేని నీళ్లు తెలిసిన కాలికి ఉన్న ముల్లు తెలియలేదు. నా భార్య ఆ ముల్లును చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ సన్నటి ప్లాస్టిక్ దారం ఒకటి తీసింది. "కళ్లు మూసుకోండి. ఇది తాకినప్పుడల్లా చెప్పండి" అంది. నేను మూసుకున్నాను. తాకింది, చెప్పాను. మళ్లీ తాకింది, మళ్లీ చెప్పాను. బొటనవేలి కింద, మడమ మీద, మధ్యలో, అన్నీ చెప్పాను. పాస్ అయ్యాననుకుని కళ్లు తెరిచాను.

దారం ఆమె చేతిలో లేదు. బల్ల మీద, దూరంగా ఉంది.

"మీరు మొదట కొన్నిసార్లు చెప్పలేదు, అప్పుడు నేను తాకినాను. తర్వాత నేను తాకలేదు, మీరు చెప్పినారు" అంది.

"తాకినారమ్మా. నాకు తెలిసింది."

"తాకలేదు."

"నేను అబద్ధం చెప్తున్నానా?"

నా గొంతు పెరిగింది. నా భార్య నా భుజం పట్టుకుంది. డాక్టరమ్మ మటుకు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. "లేదు పెద్దాయనా. మీకు తెలిసింది. నిజంగానే తెలిసింది. ఇంట్లో తడి కూడా మీకు నిజంగానే తగిలింది. మీరు అబద్ధం చెప్పలేదు" అంది.

ఎన్నాళ్లుగానో ఈ మాట ఎవరైనా అంటారని చూస్తున్నాను. అన్నది పరాయి మనిషి. 

తర్వాత ఆమె చెప్పింది, నాకు అర్థమైనట్టు ఇక్కడ రాస్తున్నాను. కాలి నుంచి మెదడుకు కబురు తీసుకుపోయే నరాలు తీగల్లాంటివి. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ తీగలు చెడతాయి. అన్నిటికంటే పొడుగైనవి ముందు. అందుకే అరికాళ్లతో మొదలవుతుంది. చెడుతున్న నరం ఒకచోట అసలు కబురు పంపదు, ఇంకోచోట పిచ్చి కబుర్లు పంపుతుంది. పైన మెదడులో పాదానికని ఒక చోటు ఉంది. కబుర్లు సరిగ్గా రాలేదని ఆ చోటు ఊరికే కూర్చోదు. వచ్చిన ముక్కలకు గొంతు పెంచుతుంది, ఏదో ఒక అర్థం చెప్పుకుంటుంది. కొందరికి ఇసుక మీద నడిచినట్టు, కొందరికి చీమలు, కొందరికి నిప్పులు.

"నాకు తడే ఎందుకు?"

"అది నేను చెప్పలేను. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు."

తెలియనిదాన్ని తెలియదన్నందుకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆస్పత్రుల్లో ఇది నేను ఎక్కువగా చూడలేదు.

నన్ను దించి నిలబెట్టింది. పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమంది. మూసుకున్నాను. గది ఒక పక్కకు ఒరిగింది. కళ్లు తెరిచేసరికి ఒరిగింది గది కాదు, నేను. నా భార్య నన్ను రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"పాదాలు కబురు చెప్పకపోయినా మీ మెదడు మిమ్మల్ని పడనియ్యలేదు. మీ కళ్లు చూసేదాంతో నేల ఎక్కడుందో లెక్క కట్టుకుని నడిపిస్తా ఉంది. కళ్లు మూస్తే ఆ ఆధారం పోతుంది" అంది డాక్టరమ్మ.

నాకు తొట్టి దగ్గర తూలడాలు గుర్తొచ్చాయి. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడల్లా తూలేవాణ్ని. నా భార్య సబ్బునీళ్లు పారబోసి నేల జారేటట్టు చేస్తోందని తిట్టేవాణ్ని. దాని మీద కూడా మా ఇంట్లో ఒక తగాదా నడుస్తోంది. ఇన్నాళ్లూ నన్ను కింద పడకుండా నాలోనే ఎవరో ఒక కొత్త దారి కనిపెట్టి నడిపిస్తున్నారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. నేనైతే ఆ పనిలో సగం చేసినా ఊరంతా చెప్పుకునేవాణ్ని.

అప్పుడు అడిగాను. "అమ్మా, లేని తడి పైనే పుడుతుందన్నారు. మరి నిజంగా తడి ఉన్నప్పుడు, నేను చిన్నప్పుడు నాయనతో చేలో నిలబడినప్పుడు తగిలిన తడి? అది యాడ పుట్టింది?"

ఆమె రాస్తున్న పెన్ను ఆపింది. "అది కూడా అక్కడే పెద్దాయనా. కాలు కబురే పంపుతుంది. తడి అనిపించేది మెదడులోనే" అంది.

షుగరు ఎక్కువ కాలం ఇట్లే ఉంటే జ్ఞాపకశక్తి కూడా తగ్గొచ్చని చెప్పి, కొన్ని మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమంది. అన్నీ చెప్పాను. మా వెనక వచ్చి మా ముందు లోపలికి పోయినవాళ్లు ఏ రంగు చొక్కాలు వేసుకున్నారో కూడా చెప్పాను. "ఈయనకు ఆ ఒక్కటి ఏ షుగరూ తీసుకుపోలేదమ్మా" అంది నా భార్య. డాక్టరమ్మ నవ్వింది. ఆ నవ్వును నేను లెక్కలో వేసుకోలేదు.

పోయిన నరాలు తిరిగి రావడం కష్టమనీ, షుగరు అదుపులో పెడితే ఉన్నవి నిలుస్తాయనీ చెప్పింది. ఇక ఉత్త కాళ్లతో నడవకూడదంది. ఇంట్లో కూడా. చేలో అసలే కూడదు. నా కాళ్లు బాగున్నాయని రాయించుకుందామని పోయినవాణ్ని, బిళ్లల చీటీతో బయటికి వచ్చాను.

బస్సులో కిటికీ పక్క కూర్చున్నాను. నల్లమల కొండలు పక్కనే వస్తున్నాయి. గిద్దలూరులో టీ తాగుతుంటే కొట్టువాడు "చక్కెర లేనిది ఎవరికి, ఈ ముసలాయనకా" అని అందరికీ వినపడేలా అరిచాడు. మామూలుగా అయితే అక్కడే తేల్చుకునేవాణ్ని. ఆ రోజు నాకు అది పట్టలేదు. మెదడు ఎముక లోపల, చీకట్లో ఉంటుంది. కిటికీ లేని గది. అది ఎన్నడూ నేలను తాకలేదు. ఒక్క వానచుక్క దాని మీద పడలేదు. పదును, ఎండ, నాయన భుజం మీద వేసిన చెయ్యి, అన్నిటినీ అది ఆ చీకట్లో కూర్చుని, తీగల వెంట వచ్చిన కబుర్లతో తయారుచేసి నాకు ఇచ్చింది. కబుర్లు ఆగిపోయాక కూడా, నేను జీవితమంతా కాలితో వెతికింది ఏమిటో దానికి గుర్తుంది. ఆ తడినే ఇస్తోంది. డాక్టరమ్మ ఒప్పుకోకపోవచ్చు, నేను మటుకు అట్లే నమ్ముతున్నాను. బస్సులో నిద్రపోతున్నవాళ్లను, వేరుశనక్కాయలు వలుస్తున్నవాళ్లను చూశాను. ప్రతి తలలోనూ అట్లాంటి గది ఒకటి. 

కానీ ఇంటికి చేరేసరికి అసలు బాధ మొదలైంది. చేలో కాలు పెట్టకూడదు. పెట్టినా ఆ కాలి మాట నమ్మకూడదు. పదును చెప్పలేనివాడు మా పల్లెలో ఎవరు? నాలాంటి ముసలివాళ్లు చాలామంది ఉన్నారు, అరుగుల మీద. మా బావమరిది ఇప్పుడు ఫోన్లో వాన చూసుకుంటున్నాడని మా ఆవిడే చెప్పింది. ఫోను వాన సంగతి చెబుతుంది, నేల సంగతి చెప్పదు. ఆ మాట అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. నేను కాన్వాసు బూట్లు వేసుకుని చేలోకి పోయాను. నాయన చూస్తే ఏమనేవాడో. గట్టు మీద మా బావమరిదీ, ఇంకొందరూ ఉన్నారు. నన్ను ఎవరూ అడగలేదు. నా మొహం ఎవరూ చూడలేదు. అడగకపోవడం నవ్వడం కంటే పెద్ద అవమానమని ఆ రోజు తెలిసింది.

బస్సులో నుంచీ నా బుర్రలో ఒక మాట తిరుగుతోంది. పొడుగు తీగలు ముందు చెడతాయని డాక్టరమ్మ అంది. అయితే పొట్టి తీగ ఏది? ఆ చీకటి గదికి అన్నిటికంటే దగ్గర ఏది?

నా భార్యను చిన్న పారతో జానెడు లోతు తవ్వమన్నాను. ఆమె తవ్వి, అడుగు మట్టి తీసి ఇచ్చింది. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆ మట్టిని చెంపకు ఆనించుకున్నాను.

గట్టు మీద నుంచి వెంటనే వచ్చింది. "ఏంది బావా, మట్టికి ముద్దు పెడతన్నావు? మా అక్కకు ఎప్పుడన్నా పెట్టినావా?"

"నువ్వు నోరు ముయ్యరా. ఆయన పని ఆయన్ని చెయ్యనీ" అంది నా భార్య. ఆమె అట్లా నా పక్షాన మాట్లాడి చాలా కాలమైంది.

చెంప కొత్త పనిమనిషి. మడమకు తెలిసిన లెక్కలు దానికి తెలియవు. కానీ కబురు నికార్సుగా వచ్చింది. చల్లదనం తగిలింది, లోతైన చల్లదనం. మట్టి తీస్తే చెంపకు కొంత అంటుకుని నిలిచింది. గోకితే తప్ప రాలేదు. నాయన వేళ్ల సందుల మట్టి గురించి చెప్పిందే, వేరే చోట. వింతేమిటంటే, అదే క్షణంలో బూట్ల లోపల నా అరికాళ్లు కూడా తడి తడి అని చెబుతూనే ఉన్నాయి. రెండు తడులూ ఒకే గదిలో పుట్టాయి. ఒకటి నేల ఇచ్చింది, ఒకటి నేల లేకుండా వచ్చింది. రెంటికీ తేడా నాకు ఏమాత్రం తెలియలేదు. మా ఆవిడ చేతిలో మట్టి ఉంది కాబట్టి చెంప మాట నమ్మాను.

"ఈ పూట వద్దు. గొర్రుకు ముద్ద కడతాది. రేపు పొద్దెక్కినాక" అన్నాను.

 మా బావమరిది ఒకసారి నా వైపు, ఒకసారి నా భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను ట్రాక్టరు తిప్పుకుని పోయాడు.

మరునాడు పొద్దెక్కాక మళ్లీ మోకాళ్ల మీద కూర్చున్నాను. మట్టి చల్లగా తగిలింది, తీస్తే శుభ్రంగా రాలిపోయింది. తల ఎత్తాను. గట్టు మీద అందరూ నా మొహమే చూస్తున్నారు, మా బావమరిదితో సహా.

"కట్టండి గొర్రు" అన్నాను.

కంది సాళ్లు సాళ్లుగా మొలిచింది. మొలక చూడ్డానికి వచ్చిన మా బావమరిది, గోడ అవతలి మనిషి కదా, గట్టు మీద కూర్చుని మెల్లగా కదిలించాడు. "బావా, ఇంక ఆ కొళాయి అర్జీ వెనక్కి తీసుకోరాదూ?"

"పప్పులో ఉప్పు ఉందా లేదా?" అన్నాను.

అతను వంగి ఒక మొలక మొదట్లో మట్టి సర్దాడు. "ఉందిలే" అన్నాడు.

అర్జీ సంగతి ఇంకా ఆలోచిస్తున్నాను. అతని కొళాయి నిజంగా కారిన రోజులు కూడా ఉన్నాయి. పొద్దున చెప్పులు వేసుకుని వంటింట్లోకి పోతే, ఇప్పటికీ అరికాళ్ల కింద నీళ్లు ఉంటాయి. ఎవరినీ పిలవను. ఎవరినీ తిట్టను. వానలేని రోజు, ఎండిన బండ మీద, చెప్పుల లోపల, మా నాయన చేలో ఉండే చల్లదనం. కాసేపు అట్లే నిలబడతాను. "కాఫీ చల్లారతా ఉంది" అని మా ఆవిడ అరిచేదాకా.